ముహూర్తం వేళ ఫ్లాష్ మొరాయించకుండా: రీచార్జబుల్ సెల్స్, ఛార్జర్ ఎంచుకునే పద్ధతి

తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఫ్లాష్ ఆరు సెకన్లకోసారి వెలిగితే ఆల్బమ్‌లో తలంబ్రాలు ఉండవు. పోయడం అయిపోయాక నవ్వుతున్న ముఖాలే మిగులుతాయి. ఆ తేడా తెచ్చేది ఫ్లాష్‌లో ఉన్న నాలుగు పెన్సిల్ సెల్స్, వాటిని ముందురోజు రాత్రి నింపిన ఛార్జర్. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెళ్లిళ్లు తీసేవాళ్లలో చాలామంది కెమెరా బాడీకి, లెన్సులకు అప్పు చేసైనా మంచివి కొంటారు. సెల్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కౌంటర్ మీద ఏది కనిపిస్తే అది పట్టుకుపోతారు. ప్యాకెట్ మీద 2800 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని ఉంటే 2000 కంటే గొప్పదనుకుంటారు. ఫ్లాష్ విషయంలో ఆ అంకె కంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వరసగా చెబుతాను.

మొదటి పని: ఫ్లాష్ మూత తెరిచి చూడండి

నాలుగు ఏఏ సెల్స్, అంటే పెన్సిల్ సెల్స్, తీసుకునే ఫ్లాష్‌లు ఒక రకం. గోడాక్స్ టీటీ600, టీటీ685, నికాన్ ఎస్‌బీ-910, కెనాన్ 600ఈఎక్స్ ఈ కోవలోవే. సొంత లిథియం అయాన్ ప్యాక్‌తో వచ్చే గోడాక్స్ వీ860, వీ1 లాంటివి రెండో రకం. రెండో రకం ఉన్నవాళ్లకు ఎంపిక పెద్దగా లేదు. ఆ కంపెనీ ప్యాకే కొనాలి, దాని ఛార్జర్‌లోనే పెట్టాలి, ఒక స్పేర్ ఉంచుకోవాలి. గన్నవరంలో విమానం ఎక్కి ఊరికి దూరంగా షూట్‌కి వెళ్లేవాళ్లు ఆ స్పేర్ ప్యాక్‌ను చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

మొదటి రకం వాళ్లు ఫ్లాష్‌తో వచ్చిన పుస్తకంలో బ్యాటరీల పేజీ ఒకసారి చదవండి. ఏ రకం సెల్స్ పెట్టొచ్చో, ఏవి పెట్టకూడదో అక్కడ రాసే ఉంటుంది. సెల్స్ పట్టే చోటు కొలత కూడా గమనించండి. ఎక్కువ కెపాసిటీ సెల్స్ కొన్ని ఒళ్లు కాస్త లావుగా ఉంటాయి. పాత ఫ్లాష్‌లలో అవి బిగుసుకుపోయి బయటికి రావు.

రెండో పని: ఫ్లాష్ ఏం అడుగుతుందో తెలుసుకోండి

ఇది చదవకుండా నేరుగా కొనే భాగానికి వెళ్లాలనిపిస్తుంది. కానీ ఇది అర్థమైతే దుకాణంలో ఎవరేం చెప్పినా మీకు కంగారు ఉండదు.

ఫ్లాష్ ట్యూబును వెలిగించేది నేరుగా సెల్స్ కాదు. లోపల ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. సెల్స్ ఇచ్చే ఐదారు వోల్టులను ఒక సర్క్యూట్ సుమారు 330 వోల్టులకు పెంచి ఆ కెపాసిటర్‌ను నింపుతుంది. మీరు షట్టర్ నొక్కగానే అందులో ఉన్నదంతా ఒక్కసారిగా ట్యూబులోకి పోతుంది. ఖాళీ అయినది మళ్లీ నిండేదాకా పట్టే సమయమే రీసైకిల్ టైమ్. కెపాసిటర్ 1400 మైక్రోఫారడ్లది అనుకుంటే ఫుల్ పవర్‌లో ఒక్కో మెరుపుకు సుమారు 75 జౌళ్ల శక్తి కావాలి. రెండు మూడు సెకన్లలో అంత శక్తి లాగాలంటే సెల్స్ నుంచి ఐదారు ఆంపియర్లు, మొదట్లో ఇంకా ఎక్కువే ప్రవహించాలి. గోడ గడియారం, టీవీ రిమోట్ కలలో కూడా అడగనంత కరెంటు ఇది.

ఇక్కడే ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్ చేతులెత్తేస్తుంది. కొత్త ఆల్కలైన్ సెల్ లోపలి నిరోధం 150 నుంచి 300 మిల్లీఓముల దాకా ఉంటుంది. 200 అనుకుని ఐదు ఆంపియర్లు లాగితే లోపలే ఒక వోల్టు పోతుంది. 1.5 వోల్టుల సెల్‌లో బయటికొచ్చేది అర వోల్టు. మిగతాది వేడి కింద పోతుంది. మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ (రీచార్జబుల్ పెన్సిల్ సెల్ రకం) నిరోధం 20 నుంచి 40 మిల్లీఓములే. అదే ఐదు ఆంపియర్లకు అది పోగొట్టుకునేది 0.1, 0.2 వోల్టులు. పేరుకు 1.2 వోల్టుల సెల్ అయినా, పని చేసే వేళ 1.5 వోల్టుల సెల్ కంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది ఇదే. "రీచార్జబుల్ వేస్తే ఫ్లాష్ డల్‌గా కొడుతుంది" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నికాన్ ఎస్‌బీ-910కు కంపెనీ ఇచ్చిన లెక్క చూడండి: ఫుల్ పవర్‌లో ఆల్కలైన్‌తో నాలుగు సెకన్లు, 110 మెరుపులు. 2600 ఎంఏహెచ్ నికెల్ మెటల్ హైడ్రైడ్‌తో 2.3 సెకన్లు, 190 మెరుపులు.

నీళ్ల ట్యాంకు లెక్కలో చెప్పాలంటే ఎంఏహెచ్ అనేది ట్యాంకు సైజు, లోపలి నిరోధం కుళాయి పైపు సందు. ఫ్లాష్‌కి ముందు కావాల్సింది వెడల్పాటి పైపు. ప్యాకెట్ మీద ట్యాంకు సైజు ఒక్కటే అచ్చువేస్తారు, పైపు సంగతి రాయరు. అందుకే మంచి పేరున్న సెల్‌కి కాస్త ఎక్కువ డబ్బు పెట్టమనేది.

మూడో పని: సెల్ ఎంచుకోండి

కావాల్సింది నికెల్ మెటల్ హైడ్రైడ్, అందులోనూ లో సెల్ఫ్ డిశ్చార్జ్ రకం, అంటే వాడకుండా ఉంచినా త్వరగా ఖాళీ కానిది. ప్యాకెట్ మీద "రెడీ టు యూజ్" అనో "ప్రీ ఛార్జ్‌డ్" అనో ఉంటుంది. పాత తరం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ బీరువాలో ఊరికే ఉన్నా మొదటి నెలలోనే పావు వంతు దాకా ఖాళీ అయ్యేవి. ఎండాకాలంలో ఇంకా త్వరగా. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో ఈ జబ్బు లేని సెల్స్ తెచ్చింది. తర్వాత సాన్యో పానసోనిక్ చేతికి వెళ్లడంతో ఇప్పుడు పానసోనిక్ పేరు మీదే వస్తున్నాయి. మిగతా కంపెనీలూ ఆ దారిలోనే నడిచాయి.

ఎనెలూప్‌లో రెండు రకాలు దొరుకుతాయి. తెల్లది సుమారు 2000 ఎంఏహెచ్, 2100 సార్లు దాకా ఛార్జ్ చేయొచ్చని కంపెనీ చెబుతుంది. నల్లది, అంటే ప్రో, సుమారు 2500 ఎంఏహెచ్, 500 సార్లు. సంఖ్యలు ల్యాబ్‌లో తీసినవే అయినా వాటి మధ్య తేడా నిజం. ఎక్కువ కెపాసిటీ కోసం లోపల పొరలు పల్చగా చుట్టాల్సి వస్తుంది, దానికి మూల్యం ఆయుష్షు.

నన్నడిగితే పెళ్లిళ్లకు తెల్లదే. నల్లది పట్టుకుంటే ఒక సెట్ పాతిక శాతం ఎక్కువసేపు వస్తుంది, ఫుల్ పవర్‌లో కొట్టేటప్పుడు కాస్త చురుగ్గానూ ఉంటుంది. కానీ ఆ ధర తేడాను తెల్లవి ఇంకో సెట్ కొనడానికి పెట్టొచ్చు. రెండు సెట్లుండటం ఒక పెద్ద సెట్ కంటే మేలు, ఎందుకంటే ఒక సెల్ పాడైనా షూట్ ఆగదు. మధ్యలో సెట్ మార్చే వీలు అస్సలు లేని పని, ఉదాహరణకు ఎత్తైన స్టాండ్ మీద గొడుగు వెనక కట్టేసిన ఫ్లాష్, అక్కడ మాత్రం నల్లది న్యాయం.

3000, 3300 అని ఒంటి మీద రాసుకున్న ఏఏ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ కనిపిస్తే అక్కడే వదిలేయండి. ఆ సైజు గొట్టంలో నిజంగా పట్టేది 2700 దరిదాపుల్లో ఆగిపోతుంది. అంతకు మించి రాసినవాడు మిగతా విషయాల్లోనూ నిజం చెప్పడు.

ఇక పెట్టకూడనివి. 14500 అనే 3.7 వోల్టుల లిథియం సెల్ చూడటానికి అచ్చం పెన్సిల్ సెల్ లాగే ఉంటుంది. నాలుగు పెడితే 14.8 వోల్టులు. ఫ్లాష్ అక్కడికక్కడే కాలిపోవచ్చు, పని చేసినా వారంటీ పోయినట్టే. నికెల్ జింక్ సెల్స్ 1.6 వోల్టులవి, నిండుగా ఉన్నప్పుడు ఇంకా పైకి పోతాయి. రీసైకిల్ మహా వేగంగా ఉంటుంది, దాంతోపాటే ఫ్లాష్ వేడీ పెరుగుతుంది. సాహసాలు సొంత ఫంక్షన్లో చేసుకోండి. ఈమధ్య ఒంటికే యూఎస్‌బీ కన్నం ఉన్న 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్స్ బాగా అమ్ముతున్నారు. లోపల ఉన్న చిన్న సర్క్యూట్ 1.5 వోల్టులు స్థిరంగా ఇస్తుంది కానీ, అది ఇవ్వగలిగిన కరెంటుకు హద్దు ఉంది. ఫ్లాష్ అడిగేంత ఇవ్వబోతే కొన్ని ఆగిపోతాయి, కొన్ని వేడెక్కుతాయి. పైగా చివరిదాకా నిండుగా కనిపించి చెప్పాపెట్టకుండా ఆరిపోతాయి. ట్రిగ్గర్‌కి (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను కెమెరా నుంచి వెలిగించే పరికరం), మైక్‌కి వాడుకోవచ్చు, ఫ్లాష్‌కి నేను వాడను. రూపాయి తక్కువకు దొరికే మామూలు జింక్ కార్బన్ సెల్స్ గురించి చెప్పడానికేమీ లేదు.

ఆల్కలైన్ మాత్రం పూర్తిగా దండగ అనను. సీల్ తీయని ప్యాకెట్ ఒకటి సంచి అడుగున ఉంటే ఆపద్ధర్మానికి పనికొస్తుంది. అవసరం తీరాక ఫ్లాష్‌లో మరిచిపోతే లోపలి క్షారం కారి రేకులు తినేస్తుంది, అది గుర్తుంచుకుంటే చాలు.

నాలుగో పని: ఎన్ని సెట్లు కావాలో లెక్కేయండి

టీటీ600, టీటీ685లకు 2500 ఎంఏహెచ్ సెల్స్‌తో ఫుల్ పవర్‌లో సుమారు 230 మెరుపులు వస్తాయని గోడాక్స్ చెబుతుంది. తెల్ల ఎనెలూప్ లాంటి 2000 వాటితో దామాషా ప్రకారం 180 అనుకోండి. సగం పవర్‌లో దానికి రెట్టింపు, పావు పవర్‌లో నాలుగు రెట్లు. ఇది కాగితం మీద లెక్క. టీటీఎల్ (ఎంత వెలుగు కావాలో కెమెరాయే లెక్కేసే పద్ధతి), ఫోకస్ లైటు, తెర వెలుగు, ఊరికే ఆన్‌లో ఉండటం కూడా తింటాయి కాబట్టి మూడో వంతు తగ్గించుకోవడం మంచిది.

మీరు ఏ పవర్‌లో కొడతారన్నది మండపాన్ని బట్టి ఉంటుంది. తెల్లటి సీలింగ్ తక్కువ ఎత్తులో ఉన్న హాల్లో బౌన్స్ చేస్తే, అంటే ఫ్లాష్‌ను సీలింగ్ వైపు తిప్పి కొడితే, పావు పవర్ చాలు. మంగళగిరి, తాడేపల్లి వైపు హైవే పక్కన ఉన్న పెద్ద కన్వెన్షన్ హాళ్లలో సీలింగ్ ఎక్కడో ఉంటుంది. ఊళ్లో ఇంటి ముందు వేసే రంగు షామియానా అయితే వెలుగును మింగేస్తుంది, మిగిలింది ఎర్రగానో పచ్చగానో తిప్పి కొడుతుంది. ఇలాంటి చోట సగం పవర్, ఒక్కోసారి ఫుల్ తప్పదు.

రాత్రి ముహూర్తం, దానికి ముందు రిసెప్షన్ అనుకుందాం. స్టేజీ మీదికి వరసగా వచ్చే చుట్టాలు, ఒక్కో గ్రూపుకు రెండు మూడు మెరుపులు, ఆపైన పెళ్లి తంతు, మొత్తం వెయ్యి. సగం పవర్ సగటున ఒక సెట్‌కి 240 (360లో మూడో వంతు తీసేయగా) చొప్పున నాలుగు సెట్లు దాటుతుంది. కాబట్టి ఒక ఫ్లాష్‌కి ఐదు సెట్లు, అంటే ఇరవై సెల్స్. ఎక్కువ అనిపిస్తుంది కానీ, ఒకసారి కొంటే నాలుగైదేళ్లు వచ్చే సొమ్ము ఇది. పుట్టినరోజులు, సీమంతాలు తీసేవాళ్లకు మూడు సెట్లు సరిపోతాయి. సీజన్లో వారం వారం ముహూర్తాలుండేవాళ్లు, ఈ లెక్క ఆరేడు సెట్లకు వెళ్తే, కొత్త ఫ్లాష్ కొనేటప్పుడు లిథియం ప్యాక్ రకం వైపు చూడటం మంచిది. వీ1 ప్యాక్ ఒకదానికి ఫుల్ పవర్‌లో 480 మెరుపులు, 1.5 సెకన్ల రీసైకిల్ అని కంపెనీ లెక్క.

ఐదో పని: ఛార్జర్

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మంచి సెల్స్‌ను ఏడాదిలో చంపేసేది ఫ్లాష్ కాదు, సెల్స్‌తో ఉచితంగా వచ్చిన ఛార్జర్.

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిండేకొద్దీ వోల్టేజీ పెరుగుతూ పోతుంది. నిండాక ఇంకా కరెంటు ఇస్తుంటే అది వేడిగా మారుతుంది, వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు కిందికి దిగుతుంది. ఆ చిన్న దిగుడును పసిగట్టి ఆపేదే స్మార్ట్ ఛార్జర్. చవక ఛార్జర్‌కు ఆ తెలివి ఉండదు. స్విచ్ వేసి ఉన్నంతసేపూ కరెంటు పోస్తూనే ఉంటుంది, లేదంటే గంటల లెక్కన టైమర్ పెట్టుకుని ఆగుతుంది. సగం నిండిన సెల్ పెట్టినా దానికి ఒకటే లెక్క.

ఛార్జర్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది: నాలుగు గళ్లూ విడివిడిగా పనిచేస్తాయా? గుర్తుపట్టడం తేలిక. ఒక్క సెల్ పెట్టినా ఛార్జ్ అవ్వాలి, గడికో లైటు ఉండాలి. రెండు సెల్స్ జంటగా పెడితేనే లైటు వెలిగేది, నాలుగు గళ్లకు రెండే లైట్లున్నది జంట ఛార్జర్. అందులో ఒక సెల్ ముందే నిండినా పక్కది నిండేదాకా దానికీ కరెంటు పోతూనే ఉంటుంది. నిండినది ఉడుకుతుంది, నిండనిది ఒక్కోసారి అలాగే మిగిలిపోతుంది. అలా నాలుగైదు నెలలు వాడితే ఒకే రోజు కొన్న నాలుగు సెల్స్ నాలుగు దారుల్లో పోతాయి. తర్వాత ఫ్లాష్ త్వరగా ఆగిపోతుంటే సెల్స్‌ను తిడతాం.

రెండోది కరెంటు. ఛార్జర్ వెనక "ఔట్‌పుట్" అన్న చోట ఒక్కో గడికి ఎన్ని మిల్లీఆంపియర్లో ఉంటుంది. 2000 ఎంఏహెచ్ సెల్‌కు 500 నుంచి 1000 మధ్య మంచిది. 500 అయితే నాలుగున్నర గంటలు, 1000 అయితే రెండు గంటల పావు వరకు. కరెంటు మరీ తక్కువైతే చివర్లో వచ్చే ఆ చిన్న దిగుడు ఛార్జర్‌కు కనిపించనంత పల్చగా ఉంటుంది. మంచి కంపెనీల నెమ్మది ఛార్జర్లు వోల్టేజీ స్థాయిని, టైమర్‌ను కలిపి చూసి ఆపుతాయి కాబట్టి వాటితో పేచీ లేదు. ఊరూపేరూ లేని నెమ్మది ఛార్జర్లతోనే పేచీ. ఇక పావుగంటలో నింపేస్తానంటూ వచ్చే ఛార్జర్లు సెల్‌లోకి అనేక ఆంపియర్లు తోస్తాయి. ఆ వేడికి సెల్ ఆయుష్షు కరిగిపోతుంది.

ప్యాకెట్ మీద రాసిన వేగం ఎన్ని సెల్స్‌కో కూడా చూడండి. కొన్ని ఛార్జర్లు రెండు సెల్స్ పెడితే గంటన్నర, నాలుగు పెడితే మూడు గంటలు తీసుకుంటాయి. పెద్ద అక్షరాల్లో రాసేది గంటన్నరనే. ఐదు సెట్లున్నవాళ్లకు ఒకే నాలుగు గళ్ల ఛార్జర్ అంటే రాత్రంతా మేలుకుని మార్చుకుంటూ కూర్చోవడమే. ఎనిమిది గళ్లది ఒకటో, నాలుగు గళ్లవి రెండో తీసుకోండి. రెండు వేరువేరుగా ఉంటేనే నాకు ధైర్యం, ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

యూఎస్‌బీతో నడిచే ఛార్జర్లు ప్రయాణంలో బాగుంటాయి, కారులో, పవర్ బ్యాంకుతో నడుస్తాయి. కానీ నాలుగు సెల్స్‌కు ఒక్కో ఆంపియర్ ఇవ్వాలంటే లోపలికి ఎనిమిది, తొమ్మిది వాట్లు రావాలి. పాత ఫోన్ తాలూకు ఒక ఆంపియర్ అడాప్టర్ ఇచ్చేది ఐదు వాట్లే. ఛార్జర్ చెడిపోలేదు, దానికి తిండి చాలడం లేదు. రెండు ఆంపియర్లకు తగ్గని అడాప్టర్ పెట్టండి.

తెర మీద వోల్టేజీ, నిండిన ఎంఏహెచ్ చూపించే ఛార్జర్ ఖరీదు ఎక్కువే. పవరెక్స్ ఎంహెచ్-సీ9000 లాంటివి ఈ కోవకు వస్తాయి. వీటిలో రిఫ్రెష్ అనే పద్ధతి ఉంటుంది: సెల్‌ను నింపి, పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ నింపి, అసలు ఎంత పట్టిందో అంకెలో చెబుతుంది. ఒక్కొక్కరికి ఒకటి అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుని రెండు మూడు నెలలకోసారి సెల్స్ పరీక్షించుకుంటే సరిపోతుంది.

ఆరో పని: కొనేటప్పుడు

గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు వైపు కొన్నా, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేటల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా జీఎస్టీ బిల్లు అడగండి. సెల్ మీదో ప్యాకెట్ మీదో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అనే ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రీచార్జబుల్ సెల్స్‌కు మన దేశంలో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరును ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. కౌంటర్ ముందు నిలబడే చూసుకోవచ్చు.

తయారైన తేదీ కూడా చూడండి. ఒకే సెట్‌లో వాడబోయే నాలుగూ ఒకే ప్యాకెట్‌లోవి, ఒకే తేదీవి అయ్యుండాలి. బరువు ఇంకో ఆధారం. అసలైన తెల్ల ఎనెలూప్ 26, 27 గ్రాములు తూగుతుంది, నల్లది 30 దాకా. అదే లేబుల్‌తో 20 గ్రాములే తూగితే లోపల సరుకు లేనట్టే. తెలిసిన బంగారం కొట్టు ఉంటే కాటా మీద పెట్టమనండి, ఒకసారి నవ్వుతారు, అంతే.

మొత్తం ఇరవై సెల్స్ ఒకేసారి కొనకుండా ముందు ఒక ప్యాకెట్ తీసుకుని రిఫ్రెష్ చేయించి చూడండి. 2000 అని రాసింది రెండు మూడు విడతల తర్వాత 1900 పైన చూపిస్తే మిగతావీ అక్కడే కొనండి. 2800 అని రాసింది 1400 చూపిస్తే బిల్లు పట్టుకుని వెనక్కి వెళ్లండి.

ఏడో పని: సెట్లు కట్టండి

ప్యాకెట్ విప్పిన రోజే పర్మనెంట్ మార్కర్‌తో ప్రతి సెల్ మీదా సెట్ అక్షరం, కొన్న నెల రాయండి. అ1, అ2, అ3, అ4, ఆపైన ఆ1, ఆ2. అ సెట్ నాలుగూ కలిసే ఫ్లాష్‌లోకి వెళ్లాలి, కలిసే ఛార్జర్‌లోకి రావాలి. ఇదేదో చాదస్తం అనిపిస్తుంది. కారణం ఉంది. ఫ్లాష్‌లో నాలుగు సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి వరసలో ఉంటాయి. మూడు నిండుగా ఉండి ఒకటి నీరసంగా ఉంటే, ఆ నీరసమైనది ముందు ఖాళీ అయిపోతుంది. మిగతా మూడూ దానిలోంచి కరెంటును తోస్తూనే ఉంటాయి. దాంతో దాని ధ్రువాలు తిరగబడతాయి. అలా ఒకటి రెండు సార్లు జరిగితే ఆ సెల్ ఇక కోలుకోదు.

ఫ్లాష్ పూర్తిగా ఆరిపోయేదాకా లాగొద్దనేది కూడా ఇందుకే. మామూలుగా మూడు సెకన్లలో రెడీ లైటు వెలిగే ఫ్లాష్ ఆరేడు సెకన్లు తీసుకుంటోందంటే సెట్ మార్చేయండి. పూర్తిగా ఖాళీ చేసి ఛార్జ్ చేయాలన్న పాత మాట నికెల్ కాడ్మియం సెల్స్ కాలం నాటిది. సగంలో ఉన్నా ఛార్జ్‌కి పెట్టొచ్చు.

నాలుగేసి సెల్స్ పట్టే ప్లాస్టిక్ డబ్బాలు చవకే, తీసుకోండి. నిండినవి ప్లస్ వైపు పైకి, వాడినవి ప్లస్ వైపు కిందికి. చీకట్లో కూడా బొత్తాన్ని తడిమి తెలుసుకోవచ్చు. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేయకండి. ఇంత తేలిగ్గా కరెంటు ఇచ్చే సెల్ షార్ట్ అయితే ప్యాంటు జేబు కాలుతుంది.

ఎనిమిదో పని: ఎండ, ముహూర్తం

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో సెల్స్‌కూ అదే కష్టం. నికెల్ మెటల్ హైడ్రైడ్‌ను 40 డిగ్రీలు దాటిన గదిలో ఛార్జ్ చేస్తే సరిగా నిండదు, నిండిందని గుర్తించడమూ ఛార్జర్‌కు కష్టమవుతుంది. డాబా మీది రేకుల గదిలో మధ్యాహ్నం ఛార్జ్‌కి పెట్టేకంటే, రాత్రి ఫ్యాను కింద, వీలైతే ఏసీ గదిలో పెట్టండి. ఛార్జర్ చుట్టూ గాలి ఆడాలి, పరుపు మీద పెట్టొద్దు. చివర్లో సెల్స్ గోరువెచ్చగా ఉండటం మామూలే. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ ఛార్జర్‌ను నమ్మొద్దు. ఎండలో ఆపిన కారు డిక్కీలో సెల్స్ సంచి వదలకండి. లో సెల్ఫ్ డిశ్చార్జ్ సెల్ కూడా వేడిలో త్వరగా ఖాళీ అవుతుంది.

ఛార్జ్ ఒక రోజు ముందే చేసేయండి. ఈ రకం సెల్స్ వారం ఆగినా పెద్దగా తగ్గవు, కాబట్టి షూట్ రోజు పొద్దున కరెంటు పోతే ఏంటన్న టెన్షన్ అక్కర్లేదు.

ఇక మండపంలో. జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు, పాత సెట్‌లో సగం ఉన్నా సరే, కొత్త సెట్ వేసేయండి. అడ్డుతెర తీసిన క్షణం, మూడు ముళ్లు, తలంబ్రాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మధ్యలో మూత తెరిచే తీరిక ఉండదు. సగం మిగిలిన సెట్‌ను తర్వాత భోజనాల దగ్గర వాడుకోవచ్చు. తలంబ్రాలకు వరసగా కొట్టాలంటే పవర్ తగ్గించి కెమెరాలో ఐఎస్‌ఓ ఒక స్టాప్ పెంచండి, అంటే రెట్టింపు చేయండి. సగం నుంచి పావుకు దిగితే రీసైకిల్ కూడా సగమవుతుంది, ఏ సెల్ కొన్నా రాని వేగం ఇలా వస్తుంది. ఫ్లాష్‌కీ విశ్రాంతి ఇవ్వండి. ఫుల్ పవర్‌లో ముప్పై దాకా ఆగకుండా కొడితే చాలా ఫ్లాష్‌లు వేడికి తమంతట తామే నెమ్మదిస్తాయి. అప్పుడు సెల్స్ మార్చినా లాభం లేదు, కాసేపు ఆగాల్సిందే.

తొమ్మిదో పని: రిటైర్‌మెంట్

సెల్ ముసలిదవుతుంటే కెపాసిటీ కంటే ముందు రీసైకిల్ చెబుతుంది. కొత్త సెట్‌తో ఫుల్ పవర్‌లో ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూసి ఎక్కడైనా రాసి పెట్టుకోండి. అప్పుడే నింపిన సెట్ దానికి రెట్టింపు తీసుకుంటుంటే ఆ సెట్ ఫ్లాష్ నుంచి దిగిపోవాలి. రిఫ్రెష్‌లో రాసిన దానిలో 70 శాతం కూడా చూపించని సెల్‌కీ అంతే. నాలుగింటిలో ఒకటే పాడైతే దాని స్థానంలో కొత్తది పెట్టకండి. అదే వయసున్న ఇంకో సెట్‌లో మిగిలిన దానితో జత చేయండి.

దిగిపోయినవి పారేయక్కర్లేదు. రెండు ఏఏ సెల్స్ తీసుకునే ట్రిగ్గర్లు కొద్ది కరెంటుతోనే నడుస్తాయి, వాటికి ఇవి ఇంకో రెండేళ్లు వస్తాయి. ఆ తర్వాత గోడ గడియారం. అక్కడా ఆగిపోయినవి చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. రెండు కొసలకూ టేపు అంటించి ఒక డబ్బాలో పోగేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోటో, కొత్తవి కొనే దుకాణంలో తీసుకుంటే అక్కడో ఇవ్వండి.